సంగటి వద్దన్నవాడికి రాగి నూడుల్స్

తిరుపతిలో లీలామహల్ సర్కిల్ దాటితే చాలు, మా చిన్నోడు బండి మీద నూడుల్స్ వేయించే చప్పుడు విని నా కొంగు పట్టుకుంటాడు. రాగి సంగటి ముద్ద పెడితే మూతి తిప్పుకుంటాడు. పిండి అదేగా, రూపం మారిస్తే సరి అనుకున్నా.

కప్పు రాగిపిండి, అరకప్పు బియ్యప్పిండి, ఉప్పు, చెంచా నూనె. మరిగే నీళ్లు పోసి కలిపి, మురుకుల గొట్టంలో సన్న బిళ్ల వేసి ఇడ్లీ రేకుల మీద ఒత్తాను. పది నిమిషాలు ఆవిరి. మొదటిసారి వేడిమీదే బాండ్లీలో తిప్పేశాను, మొత్తం ఉప్మా అయిపోయింది! (మా ఆయన కిక్కురుమనకుండా తిన్నాడు, పాపం.) పూర్తిగా చల్లారాకే చేత్తో విడదీయాలి. క్యారెట్, బీన్స్, క్యాబేజీ పెద్ద మంటమీద వేయించి, మిరియాల పొడి, వేయించిన చెనక్కాయల పొడి చల్లి, దించాక నిమ్మకాయ పిండాలి. సాస్ అక్కర్లేదు.

వంద గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. వాడికి అదంతా ఎందుకు? "నల్ల నూడుల్సా?" అని అనుమానంగా చూశాడు. గిన్నె ఖాళీ చేసి, "రేపు ఊరిబిండితో (చెనక్కాయల పచ్చడి) పెట్టు" అన్నాడు.