పాత డ్రైవ్‌లో దొరకని అప్పగింతల పాట

బుధవారం రాత్రి పిన్ని ఫోన్ చేసింది. మాఘంలో మనవరాలి పెళ్లి. "నాన్నా, మీ పెద్ద మామయ్య కూతురి పెళ్లిలో మేం పాడిన అప్పగింతల పాట నీ దగ్గర ఉందన్నావు కదా, ఒకసారి పంపు. చరణాలు సగం మర్చిపోయాను" అంది. రేపు పొద్దున్నకల్లా పంపిస్తానని చెప్పాను. ఆ పాట ఆమెకి చేరేసరికి ఆదివారం అయింది.

మా ఇంట్లో టీవీ స్టాండ్ కింద, రౌటర్ పక్కన ఒక నల్లటి డబ్బా ఉంటుంది. 2013లో కొన్న నెట్‌వర్క్ డ్రైవ్ అది. లోపల 2 టీబీ డిస్కులు రెండు, ఒకదానిలో రాసిందే రెండోదానిలోనూ రాసే మిర్రర్ పద్ధతి. ఫొటోలు, ఇంటి కాగితాల స్కాన్లు, అన్నిటికన్నా ముఖ్యంగా అమ్మ క్యాసెట్లలోని పాటలు రోజూ రాత్రి అందులోకి వెళ్లేవి. మేలుకొలుపులు, లాలిపాటలు, మంగళహారతులు, బంతులాట పాటలు, అప్పగింతలు అన్నీ కలిపి 412. పాత టేప్‌రికార్డర్‌ని ల్యాప్‌టాప్‌కి తగిలించి 2015, 16 వేసవుల్లో ఎక్కించాను. అమ్మ పక్కన కూర్చుని ఒక్కో పాటా వినేది. ఎవరు పాడారో, ఎవరి పెళ్లో, ఏ సంవత్సరమో చెప్పేది. "పేరులోనే అన్నీ రాసెయ్, రేపు అడగడానికి మేం ఉండం" అనేది. ఆవిడ చెప్పినట్టే ఫైల్ పేర్లు పెట్టాను. అమ్మ 2021లో పోయింది. క్యాసెట్లలో కొన్ని అప్పటికే బూజు పట్టి తెగిపోయాయి. అంటే ఆ ఫైళ్లు తప్ప వేరే ఆధారం లేదు.

విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ అయిపోయింది కదా, కొత్త ల్యాప్‌టాప్ కొన్నాను. పాతదాన్ని గుంటూరులో ఉన్న మేనకోడలికి ఇచ్చేశాను. ఎలాగూ అన్నీ బ్యాకప్‌లో ఉన్నాయన్న ధైర్యం. కాలేజీలో ఫ్రెండ్ ఎవరో ఆదివారం దానిలో లైనక్స్ వేసిపెడతానన్నాడని తను చెప్పింది. బ్యాకప్‌లోంచి ఒక్క ఫైల్ కూడా వెనక్కి తెచ్చి చూడకుండా ల్యాప్‌టాప్ చేతులు మార్చడం నేను చేసిన పెద్ద తప్పు.

గురువారం కొత్త ల్యాప్‌టాప్ తెరిచి డ్రైవ్ కోసం చూస్తే నెట్‌వర్క్‌లో అసలు కనిపించలేదు. ఐపీ అడ్రస్ కొట్టినా దారి దొరకలేదనే మెసేజే. డబ్బా ముందున్న పచ్చ లైటు మాత్రం వెలుగుతూనే ఉంది. పింగ్ చేస్తే, అంటే ఉన్నావా అని చిన్న పలకరింపు పంపితే, జవాబు వస్తోంది. అంటే డబ్బా బతికే ఉంది, డబ్బాకీ ల్యాప్‌టాప్‌కీ భాష కుదరడం లేదు. నెట్‌వర్క్‌లో ఫైళ్లు ఇచ్చిపుచ్చుకునే ఆ భాష పేరు ఎస్‌ఎంబీ. నా డ్రైవ్ మొదటి తరం ఎస్‌ఎంబీ 1 మాట్లాడుతోంది. 2017 చివర్లో వచ్చిన వెర్షన్ నుంచి విండోస్ 10 దాన్ని క్రమంగా వదిలించుకుంటూ వచ్చింది, విండోస్ 11లో అది ముందే ఆన్ అయి ఉండదు. నా పాత ల్యాప్‌టాప్‌లో ఎప్పుడో నేనే చేత్తో ఆన్ చేసుకున్నాను కాబట్టి ఇన్నాళ్లూ నడిచింది.

పై ఫ్లాట్ అబ్బాయి సాఫ్ట్‌వేర్‌లో పనిచేస్తాడు. వచ్చి చూసి, "అంకుల్, విండోస్ ఫీచర్స్‌లో ఎస్‌ఎంబీ 1 టిక్ పెట్టేస్తే రెండు నిమిషాల్లో అయిపోతుంది" అన్నాడు. నాకు మనసొప్పలేదు. 2017 మేలో వానాక్రై అనే వైరస్ ప్రపంచమంతా పాకింది ఎస్‌ఎంబీ 1లోని లోపం పట్టుకునే. ఆంధ్రప్రదేశ్‌లో పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. ఫైళ్లకు తాళం వేసి డబ్బులడిగే వైరస్ వస్తే, ల్యాప్‌టాప్‌తో పాటు దానికి తగిలించి ఉన్న బ్యాకప్ కూడా పోతుంది. బ్యాకప్ కోసం ఆ తలుపే తెరవడం నాకు సరైన పని అనిపించలేదు. మార్చాల్సింది డ్రైవ్‌ని.

డ్రైవ్ సెట్టింగ్స్ పేజీ తెరవడమే ఒక ప్రయాస అయింది. భద్రమైన అడ్రస్‌తో వెళితే బ్రౌజర్ ఒప్పుకోదు. డబ్బాకి తెలిసిన భద్రతా పద్ధతి పాత టీఎల్‌ఎస్ 1.0, బ్రౌజర్లేమో 2020 నుంచి దాన్ని వదిలేశాయి. ఇంటి నెట్‌వర్క్ లోపలే కాబట్టి మామూలు హెచ్‌టీటీపీతో వెళ్లాను. డబ్బా లోపలి సాఫ్ట్‌వేర్, అంటే ఫర్మ్‌వేర్‌కి చివరి అప్‌డేట్ నేను వేయనే లేదు. అది వేశాక 'గరిష్ఠ ప్రోటోకాల్' అని కొత్త వరుస కనిపించింది, అందులో ఎస్‌ఎంబీ 2 పెట్టాను. డ్రైవ్ కనిపించింది కానీ, గెస్ట్‌గా రావడానికి మీ సంస్థ భద్రతా విధానం ఒప్పుకోదని ఇంకో మెసేజ్. మా ఇంట్లో సంస్థ ఏదీ లేదు. విండోస్ 11 ప్రో 24హెచ్2 వెర్షన్ పాస్‌వర్డ్ లేని ప్రవేశాన్ని మామూలుగానే ఆపేస్తుంది, దాని అర్థం అంతే. డ్రైవ్‌లో నా పేరుతో ఒక యూజర్‌ని పెట్టి, పాస్‌వర్డ్ ఇచ్చి, దాన్ని విండోస్ క్రెడెన్షియల్ మేనేజర్‌లో రాసుకున్నాను. ఫోల్డర్లు తెరుచుకున్నాయి. పన్నెండేళ్లుగా ఆ డ్రైవ్‌కి పాస్‌వర్డే లేదని అప్పుడు గమనించాను.

కాపీ మొదలుపెడితే సెకనుకి 11 ఎంబీ దాటడం లేదు. మొత్తం 800 జీబీ, అంటే 20 గంటలు. సరిగ్గా 11 దగ్గర ఆగిందంటే లైన్ 100 ఎంబీపీఎస్‌కి పడిపోయిందని గుర్తు. గిగాబిట్‌కి కేబుల్‌లోని నాలుగు జతల తీగలూ బాగుండాలి, 100కి రెండు జతలు చాలు. సోఫా కాలి కింద నలిగిన కేబుల్‌లో ఏదో ఒక జత తెగి ఉంటుంది. 200 రూపాయల కొత్త క్యాట్ 6 కేబుల్ వేస్తే 45కి వెళ్లింది. ఆ డబ్బాలోని చిన్న ప్రాసెసర్‌కి అంతకన్నా ఎక్కువ చేతకాదు.

శనివారం సాయంత్రానికి పాటల ఫోల్డర్ వచ్చేసింది. అప్పగింతల పాట కోసం వెతికాను. లేదు. ఫోల్డర్‌లో ఎన్ని ఫైళ్లున్నాయో చూస్తే 349. ఒక్క క్షణం చేతులు ఆడలేదు. అరవై మూడు పాటలు ఏమయ్యాయి?

ముందు మేనకోడలికి ఫోన్ చేశాను. "అమ్మలూ, ఆ ల్యాప్‌టాప్ ఫార్మాట్ చేశారా?"

"లేదు మామయ్యా, రేపు పొద్దున వస్తానన్నాడు. ఏమైంది?"

"ఎవర్నీ ముట్టుకోనివ్వకు. ఆన్ చేసి, డీ డ్రైవ్‌లో 'అమ్మ పాటలు' తెరిచి ఎన్ని ఉన్నాయో చెప్పు."

కుడి క్లిక్ చేసి ప్రాపర్టీస్ చూడమన్నాను. తను "నాలుగొందల పన్నెండు" అనేదాకా నేను కుర్చీలో కూర్చోలేదు.

ఆ రాత్రి తనతో పెన్ డ్రైవ్‌లోకి మొత్తం ఫోల్డర్ కాపీ చేయించి, ఇంకో కాపీ క్లౌడ్‌లోకి ఎక్కించమన్నాను. తర్వాత కారణం వెతకడం మొదలుపెట్టాను. బ్యాకప్‌కి నేను వాడేది విండోస్‌తో పాటే వచ్చే రోబోకాపీ. ఏదైనా ఫైల్ కాపీ కాకపోతే అది మామూలుగా 30 సెకన్లకొకసారి పది లక్షల సార్లు ప్రయత్నిస్తుంది. రాత్రంతా అక్కడే ఆగిపోతోందని, ఒకసారి చూసి వదిలేయమని ఎప్పుడో నేనే మార్చాను. ఏం కాపీ అయిందో రోజూ రాసే లాగ్ డ్రైవ్‌లోనే ఉంది, ఏనాడూ తెరవలేదు. తెరిస్తే చివర పట్టికలో 'ఫెయిల్డ్' కింద 63 అని స్పష్టంగా ఉంది. ఏ ఫైళ్లో చూద్దామని పైకి వెళితే పేర్లన్నీ ప్రశ్నార్థకాలే. మామూలు లాగ్‌లో తెలుగు పడదు, యూనీలాగ్ అనే వేరే స్విచ్ వాడాలి. అంటే తెలుగు పేర్లున్న ఫైళ్లు మిగిలిపోయాయని ఆ లాగ్ రోజూ చెబుతూనే ఉంది, చదవడానికి వీల్లేని రూపంలో.

అయితే తెలుగు పేర్లున్న ఫైళ్లు మిగతా 349 బాగానే వెళ్లాయి. మరి ఈ 63కి ఏమైంది? మేనకోడలు పంపిన పిన్ని పాటనే తీసుకుని డ్రైవ్‌లోకి లాగాను. ఎక్కలేదు. పేరు 'పాట 1' అని మార్చాను, ఎక్కింది. అసలు పేరు ఇది:

అప్పగింతల పాట - అమ్మమ్మ, పిన్ని కలిసి పాడినది - పెద్ద మామయ్య కూతురి పెళ్లి - 1994 మే - క్యాసెట్ 7 రెండో వైపు

చివర్నుంచి ఒక్కో మాటా తీస్తూ పోయాను. 'వైపు' తీశాను, ఎక్కలేదు. 'రెండో' కూడా తీశాను, ఎక్కింది. అప్పుడర్థమైంది, అడ్డం పడుతోంది పొడవు.

ల్యాప్‌టాప్‌లో ఫైల్ పేరు 255 అక్షరాల దాకా ఉండొచ్చు. నా డబ్బా లోపల నడిచేది లైనక్స్. దాని ఫైల్ సిస్టమ్‌లోనూ హద్దు 255 అనే రాసి ఉంటుంది, కానీ అవి అక్షరాలు కావు, బైట్లు. ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైట్ చాలు. యూటీఎఫ్ 8 పద్ధతిలో తెలుగుకి మూడు కావాలి. అది కూడా మనం అక్షరం అనుకునేదానికి కాదు. కంటికి 'మ్మ' ఒక్క అక్షరం. కంప్యూటర్‌కి అది మ, పొల్లు, మళ్లీ మ. మూడు మూళ్లు తొమ్మిది బైట్లు. గుణింతం గుర్తుకీ మూడే, సున్నకీ మూడే. పై పేరుని కాగితం మీద లెక్కేశాను. చుక్క, ఎంపీ3 అనే తోక కలుపుకుని విండోస్ లెక్కలో 112, డ్రైవ్ లెక్కలో 270 బైట్లు. హద్దుకి 15 ఎక్కువ. 'వైపు' తీస్తే 257, ఇంకా రెండు ఎక్కువే. అమ్మ ఎక్కువ వివరం చెప్పిన పాటలకే పొడుగు పేర్లు పడ్డాయి. బ్యాకప్‌లోకి వెళ్లనివి సరిగ్గా అవే. దీనికి చాలాసేపు బాధపడ్డాను.

తెలుగులో ఫైళ్ల పేర్లు పెట్టుకునేవాళ్లకి ఇది తెలిసి ఉండాలి. పెట్టడం మానమని కాదు. పొల్లులూ గుణింతాలూ ఖాళీలూ విడివిడిగా, చివరి తోకతో సహా లెక్కపెట్టుకుని 85 దాటకుండా చూసుకుంటే చాలు. నేను 60 దగ్గరే ఆపుతున్నాను.

ఆదివారం పొద్దున్నే పాట పిన్నికి పంపేసి, మిగతా ఫైళ్లు తెచ్చుకుంటూ ఉంటే ఇంకో సంగతి బయటపడింది. ఫొటోల ఫోల్డర్‌లో కాపీ ఒకచోట నిమిషంపాటు ఆగి, మళ్లీ కదులుతోంది. చెవి దగ్గర పెడితే డబ్బాలోంచి టిక్, టిక్ అని సన్నని చప్పుడు. పచ్చ లైటు మారలేదు. సెట్టింగ్స్‌లో డిస్కుల ఆరోగ్యం చెప్పే స్మార్ట్ వివరాలు తెరిచాను. రెండో డిస్కు 61,000 గంటలు తిరిగింది, దాదాపు ఏడేళ్లు ఆపకుండా తిరిగినంత. 'కరెంట్ పెండింగ్ సెక్టార్' దగ్గర 24 ఉంది. చదవబోతే చదవలేకపోయి, ఏం చేయాలో తేలక డిస్కు పక్కన పెట్టుకున్న చోట్లు అవి. మొదటి డిస్కుకి సున్నా. ఫర్మ్‌వేర్ దృష్టిలో మిర్రర్ నడుస్తోంది కాబట్టి పచ్చ లైటు.

రెండో డిస్కు తీసి కొత్తది పెట్టాలని చెయ్యి లాగింది. ఆగాను. కొత్త డిస్కు పెట్టగానే, అంతే వయసున్న మొదటి డిస్కుని మొదట్నుంచి చివరిదాకా చదివి డబ్బా దానిలోకి రాస్తుంది. ఆ ఒత్తిడికి అదీ పోతే ఇక ఏమీ ఉండదు. అందుకని సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీకి వెళ్లి 4 టీబీ యూఎస్‌బీ డ్రైవ్ కొని, ముందు ఉన్నదంతా దానిలోకి దించాను. రెండు ఫొటోలు సగం వరకే తెరుచుకున్నాయి. అవి అక్క దగ్గర దొరికాయి. ఆ తర్వాతే డిస్కు మార్చాను. మిర్రర్‌ని ఇన్నాళ్లూ బ్యాకప్ అనుకున్నాను. డిస్కు చచ్చిపోతే అది కాపాడుతుంది. పొరపాటున ఫైల్ చెరిపేస్తే రెండింట్లోనూ అదే క్షణంలో చెరిగిపోతుంది. అసలు లోపలికే రాని ఫైల్‌కి అది చేసేదేమీ లేదు.

ఇప్పుడు పాటలకి పొట్టి పేర్లు: 'అప్పగింతలు 1994 క్యాసెట్ 7' ఇలా. అమ్మ చెప్పిన వివరమంతా ఒక ఎక్సెల్ షీట్‌లో పెట్టాను, దాని ప్రింటు ఒకటి బీరువాలో ఉంది. రోబోకాపీ అయ్యాక ఫెయిల్డ్ సున్నా కాకపోతే స్క్రీన్ మీద పెద్ద మెసేజ్ వచ్చేలా స్క్రిప్ట్ మార్చాను. యూఎస్‌బీ డ్రైవ్ నెలకోసారి తగిలించి, అయ్యాక తీసేస్తాను. మరో కాపీ గుంటూరులో అక్క ఇంట్లో. నెల మొదటి ఆదివారం ఏవో ఐదు పాటలు బ్యాకప్‌లోంచి వేరే ఫోల్డర్‌కి తెచ్చి, మొదట్నుంచి చివరిదాకా వింటున్నాను. ఆ ఆదివారాల కోసం ఎదురుచూస్తున్నాను కూడా.

ఇవన్నీ అయ్యాక ఒక సాయంత్రం పిన్ని మళ్లీ ఫోన్ చేసింది. గొంతు బొంగురుపోయి ఉంది. కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత రెండో చరణం తనే పాడింది. "అమ్మమ్మ, పిన్ని అని రాశావు కానీ, మూడో గొంతు వినబడలేదా నీకు? వెనకాల సన్నగా శృతి కలుపుతోందే, అది మీ అమ్మ" అంది.

పదేళ్లుగా నా దగ్గరున్న పాట. అమ్మ పక్కనే కూర్చుని విని కూడా తన పేరు చెప్పలేదు. ఫోన్ పెట్టేసి షీట్ తెరిచి, ఆ వరుసలో మూడో పేరు చేర్చాను. ఆ రాత్రి బ్యాకప్‌లో మారిన ఫైల్ ఒక్కటే. ఫెయిల్డ్, సున్నా.