పాత చర్చిలో పటానికి, ప్రసంగ వేదికకు రికార్డు రాశాను: నా అనుభవం

ఒక పాత చర్చిలో చెక్క పలక మీద వేసిన చిత్రపటానికి, అక్కడి ప్రసంగ వేదికకు సంరక్షణ పనులు చేశారు. ఆ పనినంతా రికార్డు చేసే బాధ్యత నాకు అప్పగించారు. పటం మీద చేయి వేసింది చేయి తిరిగిన కన్జర్వేటర్, అంటే పాత కళాఖండాలను సంరక్షించే నిపుణురాలు. నేను రాయాలి, ఫొటోలు తీయాలి, కొలతలు వేయాలి. వినడానికి చిన్న పనే, కానీ దిగాక తెలిసింది ఎంత ఓపిక కావాలో.

ముందుగా పాత కాగితాలు అడిగాను. ఆ పటానికి గతంలో ఒకసారి మరమ్మతు జరిగిందని అందరికీ తెలుసు. చివరికి దొరికిన కాగితంలో ఉన్నది ఇంతే: శుభ్రం చేసి, రంగులు సరిదిద్ది, వార్నిష్ వేశాం. దేనితో శుభ్రం చేశారు? ఏ చోట రంగు వేశారు? అది ఏ వార్నిష్? ఒక్కదానికీ జవాబు లేదు. వాటి కోసం కన్జర్వేటర్ మళ్లీ మొదటి నుంచీ పరీక్షలు చేయాల్సి వచ్చింది. మా తర్వాత ఈ పటం ముందు నిలబడేవాళ్లకు ఈ అవస్థ రాకూడదని అప్పుడే గట్టిగా అనుకున్నాను.

పని మొదలుకాకముందు ఉన్నది ఉన్నట్టు నమోదు చేయడమే అన్నిటికంటే పెద్ద పని. ముందు వైపు, వెనక వైపు, నాలుగు అంచులు, అన్నీ ఫొటో తీశాను. వెనక వైపు ఎవరూ చూడరు కదా అని వదిలేయొద్దు. పలకల అతుకులు, ఉలి గుర్తులు, పాత చీటీలు అక్కడే ఉంటాయి. ప్రతి ఫొటోలో పక్కన కొలత పట్టీ, రంగుల కార్డు పెట్టాను. “ఫోన్‌తో నాలుగు ఫొటోలు తీస్తే సరిపోదా అండీ?” అని చర్చి పెద్దాయన ఒకరు అడిగారు. రంగుల కార్డు లేకపోతే పదేళ్ల తర్వాత పటం పసుపెక్కిందో, లైటు పసుపుదో తేల్చలేమని చెప్పాను. ఆ తర్వాత ఆయనే దగ్గరుండి కార్డు పట్టుకున్నారు.

ఆ రోజు సాయంత్రం లైట్లన్నీ ఆర్పేసి, ఒక్క దీపాన్ని పటానికి పక్కగా, దాదాపు దాని తలానికి సమాంతరంగా పెట్టాం. ఎదురుగా చూస్తే నున్నగా కనిపించిన రంగు, ఆ ఏటవాలు వెలుతురులో ఎండిపోయిన చెరువు మట్టిలా పెచ్చులు పెచ్చులుగా లేచి ఉంది. లేచిన వరసలన్నీ చెక్క నార వెంబడే ఉన్నాయి. కారణం కన్జర్వేటర్ చెప్పారు. గాలిలో తేమ పెరిగితే చెక్క ఉబ్బుతుంది, తగ్గితే కుంచించుకుపోతుంది. ఆ కదలిక నారకు అడ్డంగానే ఎక్కువ. పైనున్న పాత రంగు అంతలా సాగలేదు, అందుకే లేచిపోతుంది. ఆరాధన రోజున హీటర్ వేసి, మర్నాడు కట్టేస్తే ఇదే జరుగుతుంది. అందుకని తేమను నమోదు చేసే చిన్న పరికరాన్ని పటం దగ్గర ఉంచాం. ఆ లెక్కలు కూడా రికార్డులోకే వెళ్లాయి.

తర్వాత అల్ట్రావయొలెట్ దీపం. పాతబడిన సహజ వార్నిష్ దాని కింద లేత ఆకుపచ్చగా మెరుస్తుంది. ఆ వార్నిష్ మీద తర్వాత వేసిన రంగు నల్లటి మచ్చలుగా కనిపిస్తుంది. వెనకటివాళ్లు ఎక్కడ రంగు సరిదిద్దారో ఆ కాగితం చెప్పలేదు, ఈ దీపం చెప్పింది. ప్రతి మచ్చనూ ఫొటో మీద పరిచిన పారదర్శక షీటుపై గీసుకున్నాను.

రాసేటప్పుడు ‘పాడైంది’, ‘బాగాలేదు’ లాంటి మాటలు పూర్తిగా మానేశాను. ‘కింది ఎడమ మూల నుంచి 12 సెం.మీ. పైన రంగు పొర లేచింది, కింద తెల్లటి పూత కనిపిస్తోంది’ అని రాస్తే ఎవరైనా వెళ్లి ఆ చోటు వెతికి పట్టుకోగలరు.

పని జరుగుతున్నన్నాళ్లూ రోజువారీ నోటు రాశాను. లేచిన రంగును స్టర్జన్ చేప గాలితిత్తి నుంచి తీసే జిగురుతో, పైన పల్చటి జపనీస్ కాగితం పెట్టి అతికించారు. జిగురు ఎంత పల్చగా కలిపారు, ఏ చోట పెట్టారు, ఎంతసేపు నొక్కి ఉంచారు, అన్నీ రాశాను. మసి తీయడానికి అంచున ప్రయత్నించిన ఒక ద్రావణం పనిచేయలేదు. “ఇదీ రాయాలా మేడమ్?” అని అడిగితే, “అదే ముందు రాయండి. రేపు వచ్చేవాళ్లు దాని జోలికి పోకుండా ఉంటారు” అన్నారామె.

పటంలోని ఒక పునీతుడి వస్త్రం మీద వేరే చేతి రంగు ఉందని తేలింది. తీసేయాలా, ఉంచాలా అని చాలా చర్చ జరిగింది. బెల్జియంలోని గెంట్ నగరంలో చిత్రకారులైన వాన్ ఐక్ సోదరుల బలిపీఠ చిత్రానికి 2012లో మొదలైన సంరక్షణలో, 16వ శతాబ్దంలో పైన వేసిన రంగును తీసేస్తే, అందులోని గొర్రెపిల్ల అసలు ముఖం బయటపడింది. అక్కడ ఆ నిర్ణయానికి వెనక ఎన్నో పరీక్షలు, ఎంతోమంది నిపుణుల చర్చ ఉన్నాయి. మా పటంలో కింద ఏం మిగిలిందో రుజువు లేదు. అందుకే ముట్టుకోలేదు. ముట్టుకోలేదన్న సంగతి, ఎందుకన్నది, ఆ నిర్ణయం ఎవరెవరు తీసుకున్నారన్నది రికార్డులో పూర్తి పేజీ అయింది. నా దృష్టిలో మొత్తం నివేదికలో విలువైన పేజీ అదే.

ప్రసంగ వేదిక పని కొంత తేలిగ్గా సాగింది. చేతిపట్టీ తరతరాల అరచేతులకు అరిగి నున్నబడింది. పాలిష్ కొట్టిస్తే కొత్తదానిలా ఉంటుందని కొందరు అన్నారు. కానీ ఆ అరుగుదల కూడా దాని చరిత్రే. మైనం మరకలు మాత్రం తీశారు. కాళ్ల దగ్గర ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్ల పురుగు రంధ్రాలు కనిపించేసరికి నాకు టెన్షన్ పట్టుకుంది. పురుగు ఇంకా బతికి ఉందో లేదో రంధ్రం చూసి చెప్పలేం. కింద నల్ల కాగితం పరిచి తేదీ వేసి ఫొటో తీశాను. పురుగు బయటికొచ్చే కాలం దాటేదాకా ఉంచి, అదే చోటు నుంచి మళ్లీ తీశాను. కాగితం మీద పొడి రాలలేదు. అందుకని పురుగుల మందు వాడలేదు. రెండు ఫొటోలూ పక్కపక్కనే పెట్టాను.

సంరక్షణ పని ఏదైనా పక్కా రికార్డు ఉండాలని, అది ప్రజా సంస్థ ఆర్కైవులో చేరాలని చారిత్రక కట్టడాల సంరక్షణకు 1964లో రాసిన అంతర్జాతీయ నియమావళి, వెనిస్ చార్టర్, 16వ నిబంధనలో చెబుతుంది. చర్చిలో ఒక కాపీ, ఆర్కైవులో ఒకటి, కన్జర్వేటర్ దగ్గర ఒకటి ఉంచాం. ఫొటోలు టిఫ్ ఫైళ్లుగా దాచినా, నివేదికను మంచి కాగితం మీద ప్రింటు తీయించాలని పట్టుబట్టాను. హార్డ్ డిస్కులు పాడవుతాయి, ఫైళ్లు తెరుచుకోని రోజూ వస్తుంది. చివరి పేజీలో తర్వాతి తనిఖీకి ఏం చూడాలో రాశాం: కింది ఎడమ మూల, పలకల మధ్య అతుకు, వేదిక కాళ్ల రంధ్రాలు. ఫొటో తీయడానికి ఎక్కడ నిలబడాలో దూరంతో సహా ఉంది.