రెట్టింపు నిరుద్యోగాన్ని ప్రశ్నించిన ఆచార్యుడు

అమెరికా కార్మిక శాఖ నెలనెలా వెలువరించే ఉపాధి నివేదికలో జాతులవారీ అంకెలుండే ఎ-2 పట్టికను నేను ముందుగా తెరుస్తాను. ఆర్థికవేత్త విలియం స్ప్రిగ్స్ రచనలు చదివాక అబ్బిన అలవాటది. 1972 నుంచి లభిస్తున్న ఆ లెక్కల్లో నల్లజాతివారి నిరుద్యోగ రేటు చాలాకాలం శ్వేతజాతివారి రేటుకు దాదాపు రెట్టింపుగానే ఉంటూ వచ్చింది. చదువు, నైపుణ్యం తక్కువ కావడమే దీనికి కారణమన్న సమాధానాన్ని ఆయన అంగీకరించలేదు.

హోవర్డ్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడైన స్ప్రిగ్స్, ఒబామా హయాంలో కార్మిక శాఖ సహాయ కార్యదర్శిగా, ఆ తర్వాత కార్మిక సంఘాల సమాఖ్య ఎ.ఎఫ్.ఎల్.-సి.ఐ.ఓ. ప్రధాన ఆర్థికవేత్తగా పనిచేశారు.

ఆయన వాదనలో నన్ను బాగా కదిలించింది వడ్డీ రేట్ల సంగతి. ధరల అదుపు కోసం అమెరికా కేంద్ర బ్యాంకు అయిన ఫెడరల్ రిజర్వ్ వడ్డీ పెంచితే కొత్త నియామకాలు తగ్గుతాయి; ఒక్కో ఉద్యోగానికి దరఖాస్తులు పెరిగినకొద్దీ యజమానికి వివక్ష చూపే వెసులుబాటు పెరుగుతుంది, చివర చేరినవారే, అంటే తరచుగా నల్లజాతివారే, ముందుగా ఇంటిదారి పడతారు. కాబట్టి వడ్డీ రేట్లను నడిపే ద్రవ్య విధానం జాతి విషయంలో తటస్థమైనది కాదు.

నల్లజాతీయుడు జార్జ్ ఫ్లాయిడ్ పోలీసు చేతిలో హత్యకు గురైన తర్వాత, 2020 జూన్‌లో, ఆయన తోటి ఆర్థికవేత్తలకు బహిరంగ లేఖ రాశారు. గణాంక సమీకరణంలో జాతిని సున్నా, ఒకటి విలువలుగా (నల్లజాతివారైతే ఒకటి, కాకుంటే సున్నా) చేర్చి, తేలిన తేడాను ఆ మనుషుల లోపంగా చదివే పద్ధతిని అందులో సూటిగా నిలదీశారు; ఆర్థికశాస్త్ర విద్యార్థులందరూ చదవవలసిన లేఖ అది.

2023 వసంతంలో నల్లజాతివారి నిరుద్యోగం 5 శాతం లోపునకు, అప్పటికి రికార్డు కనిష్ఠానికి, దిగింది. వడ్డీ ఇంకా పెంచవద్దని వాదిస్తూనే ఆ జూన్‌లో, 68 ఏళ్ల వయసులో, ఆయన కన్నుమూశారు.