కలివి పొదలకు జన్యు సూచికలు

నల్లమలలోనూ శేషాచలంలోనూ, 1986లో కలివికోడి అనే అరుదైన పక్షి మళ్లీ కనిపించిన లంకమల అడవుల్లోనూ కలివి పొదలను ఎవరూ నాటి పెంచలేదు. పక్షులూ ఎలుగుబంట్లూ పండ్లు తిని విత్తనాలను ఎక్కడెక్కడో వదలడం వల్ల, వేర్ల నుంచి పిలకలు లేవడం వల్ల అవి వ్యాపిస్తాయి. అందువల్ల ఒక గుట్ట మీది పొదలన్నీ వేర్వేరు మొక్కలా, ఒకే మొక్క పిలకలా అన్నది కంటితో తేల్చలేము. దానికి డీఎన్‌ఏలోని సూచికలు, అంటే మొక్కకూ మొక్కకూ తేడా చూపే గుర్తులు, కావాలి.

మొదటి ఇబ్బంది ఆకులోనే ఉంది. గన్నేరు కుటుంబానికి చెందిన ఈ పొద ఆకులో పాలు, జిగురు పదార్థాలు, ఫినాలిక్ రసాయనాలు ఉంటాయి. ఇవి డీఎన్‌ఏతో పాటే వచ్చి పీసీఆర్‌ను, అంటే డీఎన్‌ఏలో కావలసిన ముక్కకు లక్షల నకళ్లు తీసే ప్రక్రియను, అడ్డుకుంటాయి. లేత ఆకులను కోసిన వెంటనే సిలికా జెల్‌లో ఆరబెట్టి, ఆ పొడిని పాలీవినైల్ పైరోలిడోన్, బీటా మెర్కాప్టోఇథనాల్ కలిపిన వేడి సీటాబ్ ద్రావణంలో (డీఎన్‌ఏను వెలికితీసే డిటర్జెంట్ ద్రావణం) ఉంచితే ఈ బెడద చాలావరకు తగ్గుతుంది.

డీఎన్‌ఏలో ఎక్కడెక్కడివో ముక్కలకు నకళ్లు తీసి పట్టీలుగా చూసే ఆర్‌ఏపీడీ పద్ధతి చౌకదే గాని, ఒక ప్రయోగశాలలో వచ్చిన పట్టీలు మరొక చోట అలాగే వస్తాయన్న భరోసా లేదు. పైగా తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వచ్చిన రెండు ప్రతులనూ అది విడదీసి చూపదు. నా దృష్టిలో ఇక్కడ మైక్రోశాటిలైట్లే తగినవి. డీఎన్‌ఏ అక్షరాల్లో జీఏ, జీఏ, జీఏ అన్నట్టు చిన్న ముక్క వరుసగా పునరావృతమయ్యే చోటునే అలా అంటారు. అక్కడ నకలు తీసే ఎంజైము జారడం వల్ల ఆ ముక్కల సంఖ్య తరచూ మారుతుంది. ఆ వరుసకు ఇరువైపులా సుమారు 20 అక్షరాల ప్రైమర్లు, అంటే అక్కడ అతుక్కుని నకలును మొదలుపెట్టించే చిన్న డీఎన్‌ఏ ముక్కలు, రూపొందిస్తే రెండు ప్రతుల పొడవులూ వేర్వేరుగా తెలుస్తాయి. ఒకప్పుడు ఇలాంటి వరుసలను కనుక్కోవడానికి, డీఎన్‌ఏ ముక్కలను బ్యాక్టీరియాలో పెంచి దాచే క్లోన్ల గ్రంథాలయం కట్టాల్సి వచ్చేది. ఇప్పుడు జన్యుపదార్థాన్ని పైపైన చదివించినా కంప్యూటరు వేల వరుసలను వెతికి ఇస్తుంది.

అసలు శ్రమ తరువాతి వడపోతలో ఉంది. ప్రైమరు అతుక్కోవలసిన చోటే ఒక అక్షరం మారితే ఆ ప్రతి కనిపించకుండా పోయి, రెండు ప్రతులూ వేర్వేరైన విషమయుగ్మజ మొక్క, రెండూ ఒకటే అయిన సమయుగ్మజంగా నమోదవుతుంది. లేని అంతఃప్రజననం, అంటే దగ్గరి బంధువుల మధ్య సంతానోత్పత్తి, ఉన్నట్టు తోస్తుంది. అందుకే ప్రైమర్లను ఒకే గుట్ట మొక్కల మీద పరీక్షించి తృప్తిపడకూడదు. దూరదూరపు గుట్టల నమూనాల మీద ప్రయత్నించి, హార్డీ-వైన్‌బర్గ్ నిష్పత్తుల నుంచి (మొక్కలు యాదృచ్ఛికంగా సంకరమైతే ఉండవలసిన జన్యురూపాల నిష్పత్తులు) పదేపదే తప్పుకుంటున్న వాటిని ఎంత మోజున్నా తీసివేయాలి. వైవిధ్యాన్ని లెక్కించే ముందు, అన్ని సూచికల్లోనూ ఒకే రూపం చూపిన పొదలను ఒకే మొక్కగా కలిపి చూడాలి. ఇలా నిలిచిన ప్రైమర్లను దగ్గరి బంధువైన వాక్కాయ మీద కూడా ప్రయత్నించడం ఎంతో అవసరం.