కెల్సో రిడ్జ్ మీద గుర్రపు స్వారీ

అందరూ వెళ్లే దారిని వదిలేసి మేం కుడికి తిరిగాం. అప్పటికి ఉదయం ఆరున్నర. వెనకాల వస్తున్న పెద్దాయన "దారి అటు కాదు, ఇటు" అని కేకేశాడు. "తెలుసండీ, మేం రిడ్జ్ మీద, అదే కొండ వెన్ను మీద, వెళ్తున్నాం" అన్నాను, కాస్త గర్వంగానే. ఆ గర్వం మూడు గంటలు నిలిచింది.

కొలరాడోలో పద్నాలుగు వేల అడుగులు దాటిన శిఖరాలు యాభైకి పైగా ఉన్నాయి. ఇక్కడివాళ్లు వాటిని ఫోర్టీనర్లు అంటారు. వాటిలో గ్రేస్, టోరీస్ జంట శిఖరాలు. 1861లో చార్లెస్ ప్యారీ అనే వృక్షశాస్త్రవేత్త, తన శాస్త్రంలో పెద్దవాళ్లయిన ఏసా గ్రే, జాన్ టోరీల పేర్లు వాటికి పెట్టాడు. రెండూ దాదాపు 14,270 అడుగులు, తేడా మూడడుగులే. స్టీవెన్స్ గల్చ్ అనే లోయ నుంచి రెండింటికీ చక్కటి కాలిబాట ఉంది. ఆయాసం తప్ప ఆ బాటలో పెద్ద కష్టం లేదు, చేతులు జేబుల్లో పెట్టుకునే ఎక్కేయొచ్చు. మేం ఎక్కాలనుకున్నది టోరీస్‌కి ఈశాన్యంగా దిగే కెల్సో రిడ్జ్.

ఇక్కడ కొండ మార్గాలకు 1 నుంచి 5 దాకా తరగతులున్నాయి. ఒకటంటే బాట మీద నడక, అయిదంటే తాళ్లతో రాతిని ఎక్కడం. కెల్సోది మూడు. తాడు అక్కర్లేదు కానీ చేతులు వాడకుండా కుదరదు. ఈ అంకెలో ఒక తిరకాసుంది. అడుగు వెయ్యడం ఎంత కష్టమో అది చెబుతుంది. అడుగు జారితే ఎంత కిందికి పోతామో చెప్పదు. ఈ సంగతి నాకు ఇంట్లో కూర్చుని వీడియోలు చూసినప్పుడు తట్టలేదు. ఆ వీడియోలు చూసింది మా నలుగురిలో నేనొక్కణ్ణే కాబట్టి లీడర్నీ నేనే అయ్యాను. నాతోపాటు నా పాత రూమ్మేటు, వాడి భార్య, మా ఆఫీసు కుర్రాడు. ఆ అమ్మాయి ముందురోజు అడిగింది ఒకే ప్రశ్న: "అన్నయ్యా, హెల్మెట్ నా సైజుది దొరికిందా?"

కెల్సో కొండకీ టోరీస్‌కీ మధ్య ఒంపులో ఎప్పటిదో గని తాలూకు పాత కట్టడం శిథిలమై ఉంది. అక్కడ గాలికి చాటుగా కూర్చుని చేతికర్రలు మడిచి బ్యాగుల్లో పెట్టాం, హెల్మెట్లు పెట్టుకున్నాం. ఇక పైకంతా రాయే.

బాట లేదంటే అసలు అడుగుజాడలే ఉండవనుకున్నాను. ఉన్నాయి, అదే వచ్చిన చిక్కు. దారి తప్పిన ప్రతివాడూ ఒక జాడ వదిలిపోయాడు, వాడి వెనకొచ్చినవాడు దాన్నే తొక్కి ఇంకాస్త బాటలా చేశాడు. మొదటి పెద్ద రాతి బురుజు దాటాక ఎడమవైపు అలాంటి బాటొకటి కిందికి పిలిచింది. చూడ్డానికి ఎంత బుద్ధిగా ఉందో! "ఇదే దారి" అన్నాను. యాభై అడుగులు వెళ్లేసరికి కాలి కింద అంతా గులకరాళ్ల కుప్ప. ఒక అడుగు పైకేస్తే అడుగున్నర కిందికి జారుతున్నాం.

అక్కడే మా రూమ్మేటు పట్టుకున్న రాయి ఊడి చేతిలోకొచ్చింది. కొబ్బరికాయంత ఉంటుంది. వాడు వదిలేశాడు. అది దొర్లుతుంటే వాడు గొంతు చించుకుని "రాయి! రాయి!" అని అరిచాడు. కింద ఇద్దరు అమెరికన్లు ఎక్కుతున్నారు. వాళ్లకేం అర్థమవుతుంది? "ఒరేయ్, ఇంగ్లీషులో అరవరా!" అని నేను వాడి మీద అరిచాను, అదీ తెలుగులోనే. చివరికి "రాక్!" అన్నది ఆఫీసు కుర్రాడు. అదృష్టం బాగుండి రాయి వాళ్లకు చాలా దూరంగా పోయింది. మేం సారీ చెప్తే వాళ్లు చెయ్యి ఊపి, అదే చేత్తో పైకి, రిడ్జ్ నడినెత్తి వైపు చూపించారు. దారి అదన్నమాట.

వెనక్కొచ్చి నడినెత్తి మీదికి ఎక్కాక అంతా నయమైంది. కెల్సో నేర్పే కిటుకు ఇదొక్కటే అనుకుంటా: అనుమానం వస్తే పైకే, పక్కకు దిగొద్దు. పైన ఉన్న రాళ్లు గట్టివి, ఊడిపోయేవన్నీ పక్కల వాలుల్లో చేరతాయి. అయినా పట్టుకునే ముందు ప్రతి రాయినీ అరచేత్తో తట్టి, కదిపి చూడాలి. రెండు కాళ్లు, రెండు చేతుల్లో ఒకేసారి ఒక్కటే కదలాలి, తక్కిన మూడూ రాతిని అంటుకునే ఉండాలి. ఆ ఎత్తులో గాలి ఒత్తిడి సముద్రమట్టం మీద ఉండేదాంట్లో 60 శాతమే. పది అడుగులకోసారి ఆగి ఊపిరి అప్పు తీర్చుకున్నాం. ఒకచోట తెల్లటి కొండమేకలు రెండు మమ్మల్ని చూసి, ఇంత చిన్న పనికి ఇంత హడావిడా అన్నట్టు నెమరేస్తూ నిలబడ్డాయి.

శిఖరం ఇంకా కాస్త దూరం ఉందనగా కత్తి అంచు వచ్చింది. పేరే అది, నైఫ్ ఎడ్జ్. ముప్పై అడుగుల పొడవుంటుందేమో. పైన వెడల్పు, ఇంటి గోడకు పైన ఉండేంత కూడా లేదు. ఎడమవైపు డెడ్ డాగ్ అనే మంచు చీలిక దాకా వాలు, కుడివైపు చూడనే లేదు. వీడియోల్లో ఇక్కడ జనం నవ్వుతూ చేతులూపుతారు. నేను మోకాళ్ల మీద కూర్చుండిపోయాను. భయమని చెప్పలేను, కాళ్లు నావి కాకుండా పోయాయంతే. కుర్రాడు అవతలికి వెళ్లిపోయాడు. రూమ్మేటు వెనకనుంచి "ఏంట్రా, ఫోటోనా?" అన్నాడు.

"కూర్చుని రండి అన్నయ్యా" అంది ఆ అమ్మాయి. నన్ను దాటుకుని ముందుకెళ్లి, గుర్రమెక్కినట్టు రెండు కాళ్లూ చెరోపక్కకి వేసి కూర్చుని, అరచేతులు ముందు ఆనించి, కొంచెం కొంచెం జరిగి చూపించింది. "కింద చూడకండి. నా బ్యాగు మీద ఎర్ర జిప్పుంది చూడండి. అది కదిలితే మీరూ కదలండి." ఆ జిప్పు మీద ఎన్ని పళ్లున్నాయో ఇప్పటికీ చెప్పగలను.

పది నలభైకి శిఖరం మీదున్నాం. మేం వదిలేసిన బాటలోంచి వచ్చినవాళ్లు అప్పటికే పాతికమంది ఉన్నారు. టోరీస్ ఖండ విభజన రేఖ మీద ఉంది. పడమటి వాన కొలరాడో నదిలోకి, తూర్పు వాన ప్లాట్, మిసిసిపీల మీదుగా మెక్సికో సింధుశాఖలోకి పోతాయి. కుర్రాడు సీసా తీసి అటో గుక్కెడు, ఇటో గుక్కెడు పోసి "సర్, అది పసిఫిక్‌కి, ఇది అట్లాంటిక్‌కి" అన్నాడు. కొలరాడో నది ఈ మధ్య సముద్రం దాకా చేరేదే అరుదని చెప్పబోయి ఊరుకున్నాను. ఉదయమంతా చాలానే చెప్పాను కదా.

పడమట మేఘాలు కాలీఫ్లవర్‌లా పైకి ఉబ్బుతున్నాయి. జులైలో ఇక్కడ మధ్యాహ్నమైతే పిడుగులు మామూలే. మధ్యలోని ఒంపులోంచి గ్రేస్ ఇంకో ఐదారు వందల అడుగులే. రూమ్మేటు నా వైపు చూశాడు. నేను ఆ అమ్మాయి వైపు చూశాను. ఆమె మేఘాల వైపు చూసి, బ్యాగు భుజానికి తగిలించుకుని దిగడం మొదలుపెట్టింది.

దిగేటప్పుడు బాట ఎంత మంచిదో తెలిసింది. కారు దగ్గర కూర్చోబోతే ప్యాంటు వెనక రెండు జానల చిరుగు. కత్తి అంచు మీద నాదో ఫోటో ఉంది, కళ్లు గట్టిగా మూసుకుని రాతిని వాటేసుకున్నది. ఎవరు తీశారో చెప్పడం లేదు.