అదే ఊరు, అదే రెండంగుళాల మంచు

2014 మా ఇంట్లో ఎవరం మర్చిపోలేం. జనవరిలో చెల్లి అమెరికాలోని అట్లాంటాలో మంచులో ఇరుక్కుపోయింది, అక్టోబర్లో మేం ఇక్కడ వైజాగ్‌లో హుద్‌హుద్ తుఫానులో ఇరుక్కుపోయాం. ఈ రెండూ ఒకే సంవత్సరంలో జరగబట్టి నాకు ఒక అలవాటు పట్టుకుంది, ఎక్కడైనా అలవాటు లేని చోట మంచు పడిందని వార్త చూస్తే వాళ్ళు ఎలా తట్టుకున్నారు, డబ్బు ఎక్కణ్ణుంచి తెచ్చారు అని వెతికి వెతికి చదువుతాను. నేను పాతికేళ్ళుగా అకౌంట్స్‌లోనే ఉన్నాను కాబట్టి ఏది చూసినా ముందు లెక్కే కనబడుతుంది. చాలా రోజుల నుంచి రాద్దామనుకుంటున్న పోస్ట్ ఇది.

ముందు చెల్లి సంగతి చెప్తాను. జనవరి 28, మంగళవారం. మనకి రాత్రి పదకొండున్నరకి ఫోన్ చేసి "అక్కా, ఇక్కడ స్నో పడుతోంది, ఆఫీసు వదిలేశారు, ఇంటికి బయల్దేరిపోయా" అంది. వాళ్ళకి అప్పుడు మధ్యాహ్నం ఒంటిగంట. మామూలుగా ముప్పావుగంట దారి. సరే జాగ్రత్తమ్మా అని మేం పడుకున్నాం. పొద్దున్న అయిదున్నరకి అమ్మ పాలు పొయ్యి మీద పెడుతుంటే మళ్ళీ ఫోన్, ఇంకా కార్లోనే ఉందంట. ఆరు గంటల్లో నాలుగు మైళ్ళు కూడా కదల్లేదు, ముందు లారీలు అడ్డంగా తిరిగిపోయి ఉన్నాయి, ట్యాంకులో పెట్రోలు పావు వంతే ఉంది, అందుకని పది నిమిషాలు హీటర్ వేసి ఇరవై నిమిషాలు ఆపుకుంటూ కూర్చుంది. సీటు వెనకాల ఇండియన్ స్టోర్లో కొన్న జంతికల ప్యాకెట్ ఒకటీ సగం నీళ్ళ బాటిలూ దొరికాయంట. పక్క కారులో ఉన్న పెద్దావిడ దిగొచ్చి తన దుప్పటి ఇచ్చి వెళ్ళిందని చెప్తూ చెల్లి ఏడ్చేసింది. మరిది గారు ఆ వారం వేరే ఊళ్ళో ఉన్నారు. అయిదేళ్ళ బుడ్డోడు స్కూల్లోనే ఉండిపోయాడు, టీచర్లు వాళ్ళని జిమ్ హాల్లో చాపలేసి పడుకోబెట్టారు, ఆ రాత్రి అలా వేలమంది పిల్లలు స్కూళ్ళలోనే నిద్రపోయారు. చెల్లి ఇల్లు చేరేసరికి వాళ్ళకి తెల్లవారుజామున మూడు, మనకి మధ్యాహ్నం ఒంటిగంటన్నర. అప్పటిదాకా అమ్మ ముద్ద ముట్టలేదు.

ఇంత గొడవకీ పడిన మంచెంతో తెలుసా, రెండు అంగుళాల పైచిలుకు, అంతే. నా స్కేలు తీసి చూశాను, చిటికెన వేలంత కూడా లేదు. షికాగోలోనో బోస్టన్‌లోనో అది మంచు కిందే లెక్కపెట్టరు కదా, మరి ఇక్కడెందుకు ఊరంతా ఆగిపోయింది అని అప్పట్లో నాకు అర్థం కాలేదు.

తర్వాత చదివితే తెలిసింది. మంచు మొదలవ్వగానే స్కూళ్ళు, ఆఫీసులు, గవర్నమెంటు కార్యాలయాలు అన్నీ ఇంచుమించు ఒకే గంటలో జనాన్ని వదిలేశాయి. రోడ్లన్నీ ఒక్కసారిగా నిండిపోయాయి. ఉప్పు చల్లే లారీలు ఉన్నాయి, డ్రైవర్లున్నారు, కానీ ఆ ట్రాఫిక్ మధ్యలో అవీ ఇరుక్కుపోయాయి. ఆలోపు టైర్ల కింద నలిగిన మంచు కరిగి, మళ్ళీ గడ్డకట్టి, రోడ్డు మీద పల్చటి గాజుపొరలా తయారైంది. వంతెనలైతే ఇంకా ముందే గడ్డకడతాయి, ఎందుకంటే వాటికి కింద నుంచి కూడా చల్లగాలి తగుల్తుంది, నేల వేడి అందదు. అంటే తప్పు బండ్లు తక్కువై కాదు, జనాన్ని ఎప్పుడు ఇంటికి పంపాలనే నిర్ణయం అయిదారు గంటలు లేటయింది. ఆ నిర్ణయానికి పైసా ఖర్చు లేదు.

ఉప్పు సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే బడ్జెట్‌లో పెద్ద భాగం అదే. కుల్ఫీ బండి అబ్బాయి డబ్బా చుట్టూ ఐసులో గుప్పెడు కల్లుప్పు వేస్తాడు చూశారా, ఉప్పు తగిలితే నీళ్ళు సున్నా డిగ్రీల దగ్గర గడ్డకట్టవు, ఇంకా కిందికి వెళ్ళాలి, రోడ్డు మీద చేసేదీ అదే. ఈమధ్య పొడి ఉప్పు కన్నా ముందురోజే ఉప్పునీళ్ళు చల్లడం ఎక్కువైంది, 23 శాతం ఉప్పు కలిపిన నీళ్ళు, మైనస్ 21 దాకా గడ్డకట్టవు. ట్యాంకర్ వెనకాల చిన్న గొట్టాలు పెట్టి చారలు చారలుగా పోసుకుంటూ పోతారు. పొడి ఉప్పు గాలికి, టైర్లకి ఎగిరి పక్కకి పోతుంది, ఇది ఆరిపోయి రోడ్డుకే అంటుకుని ఉంటుంది. కాకపోతే వెచ్చటి ప్రాంతాల్లో ఇంకో చిక్కు ఉంది, మంచుకి ముందు చాలాసార్లు వాన పడుతుంది, వాన పడితే చల్లిందంతా కొట్టుకుపోతుంది. ఉప్పు దాచడం కూడా చిన్న విషయం కాదు. మా అమ్మమ్మది నౌపడ వైపు, చిన్నప్పుడు సెలవులకి వెళ్తే ఉప్పు మళ్ళ పక్కన తాటాకులు కప్పిన తెల్లటి గుట్టలు ఉండేవి, ఇంట్లో గోనె సంచిలో ఉప్పు వానాకాలం వచ్చేసరికి చెమ్మెక్కి అడుగున రాయిలా బిగుసుకుపోయేది, తాతయ్య గునపంతో పొడిచి తీసేవాడు. ఆరేళ్ళకోసారి వాడే ఉప్పుని గాలిలో ఇంత తేమ ఉన్న ఊళ్ళో వందల టన్నులు దాచాలంటే మంచి షెడ్డు కావాలి, దాన్ని ఏటా చూసుకునే మనిషి కావాలి. ఉప్పు కన్నా ఉప్పు కాపలాకే ఎక్కువవుతుంది.

ఇక్కడే నాకు అకౌంట్స్ బుర్ర పని చేస్తుంది. ఏటా మంచు పడే ఊళ్ళలో చాలా చోట్ల గత అయిదేళ్ళ ఖర్చు సగటు తీసి ఈ ఏడు బడ్జెట్‌లో పెడతారు, అక్కడ అది సరిపోతుంది. కానీ ఎప్పుడో ఒకసారి పడే ఊళ్ళో సగటు తీస్తే ఏమొస్తుంది? సున్నా, సున్నా, సున్నా, సున్నా, అయిదో ఏడు వంద. సగటు ఇరవై. ఆ ఇరవై పెట్టుకుంటే నాలుగేళ్ళు ఎందుకు పెట్టారని అడుగుతారు, అయిదో ఏడు ఎందుకు చాల్లేదని అడుగుతారు. పైగా సర్కారు బడ్జెట్ ఏడాదికోసారి మూసేస్తారు, మన దగ్గర మార్చి 31 లోపల ఖర్చు పెట్టకపోతే లాప్స్ అయిపోతుంది కదా, కాంట్రాక్టర్ల బిల్లుల కోసం మార్చి నెలలో మేం పడే హడావిడి నాకు తెలుసు. ఎప్పుడో వచ్చే ఆపదకి అలా లాప్స్ అయ్యే పద్దు పనికిరాదు, వాడకపోయినా అలాగే ఉండి మరుసటి ఏడుకి జమయ్యే నిధి కావాలి. ఏం జరగని ఏడాది ఆ డబ్బు చూసి ఎవరికీ చెయ్యి దురద పెట్టకూడదు. అన్నిటికన్నా కష్టమైనది ఇదే అని నా నమ్మకం.

యంత్రాల విషయంలో మాత్రం తెలివైన ఊళ్ళు మంచు కోసమే విడిగా బండ్లు కొనవు. కంకర తోలే టిప్పర్ లారీ ఉంటుంది కదా, దానికే ముందు మంచు తోసే బ్లేడు, వెనక ఉప్పు చల్లే పెట్టె తగిలిస్తారు, సీజన్ అయ్యాక విప్పేస్తారు. మిగతా రోజులు ఆ లారీ గుంతలు పూడుస్తుంది. 2025 జనవరి 21న న్యూ ఆర్లియన్స్‌లో ఎయిర్‌పోర్టు దగ్గర ఎనిమిది అంగుళాలు పడింది, సముద్రానికి దగ్గర్లో, మన వైజాగ్‌లా చెమటలు పట్టే ఊళ్ళో. ఫ్లోరిడాలో మిల్టన్ అనే చోట 9.8 అంగుళాలు, అంతకు ముందు ఆ రాష్ట్రం రికార్డు 1954లో పడిన నాలుగు అంగుళాలు. అక్కడ కొన్ని చోట్ల రోడ్లు వేసేటప్పుడు నేల చదును చేసే గ్రేడర్లనే మంచు తోయడానికి దింపారు. ముఖ్యంగా ముందురోజే స్కూళ్ళు, ఆఫీసులు మూసేస్తున్నామని చెప్పేశారు, హైవే కూడా మూసేశారు. ఎనిమిది అంగుళాలకి కూడా అట్లాంటా రాత్రి మళ్ళీ రాలేదు.

మూయాల్సినప్పుడు మూయకపోతే ఎంతవుతుందో గ్రీస్ దేశంలోని ఏథెన్స్‌లో లెక్క తేలింది. 2022 జనవరి 24న అక్కడ టోల్ రోడ్డు మీద వేలమంది రాత్రంతా మంచులో ఉండిపోయారు, తర్వాత ఇరుక్కున్న ఒక్కో కారుకి రెండు వేల యూరోలు కట్టడానికి ఆ రోడ్డు నడిపేవాళ్ళు ఒప్పుకోవాల్సి వచ్చింది. మాడ్రిడ్‌లో 2021 జనవరిలో అరమీటరు దాకా పడితే మిలిటరీ దిగింది, జనమే పారలు పట్టుకుని వాకిళ్ళు శుభ్రం చేసుకున్నారు.

టెక్సాస్ గురించి రాయాలంటే మాత్రం నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. 2011 ఫిబ్రవరిలో చలికి అక్కడ కరెంటు ప్లాంట్లు ఆగిపోయాయి, గ్యాస్ బావులు గడ్డకట్టాయి. పైపులకీ మీటర్లకీ చలి తగలకుండా కప్పండి, తయారవ్వండి అని రిపోర్టు ఇచ్చారు. తప్పనిసరి చెయ్యలేదు. పదేళ్ళు అంత పెద్ద చలి రాలేదు, కప్పడానికి అయ్యే ఖర్చు ఎవరికీ అవసరంగా కనపడలేదు. 2021 ఫిబ్రవరిలో వచ్చింది, ఇళ్ళు, వ్యాపారాలు కలిపి 45 లక్షలకి పైగా చోట్ల కరెంటు పోయింది, రాష్ట్రం లెక్క ప్రకారమే 246 మంది చనిపోయారు. మెగావాట్ అవరు, అంటే వెయ్యి యూనిట్ల కరెంటు హోల్‌సేల్ ధర 9,000 డాలర్ల దగ్గర రోజుల తరబడి ఉండిపోయింది. తప్పనిసరి చేస్తూ చట్టం ఆ తర్వాతే వచ్చింది. నా కాలేజీ ఫ్రెండ్ డల్లాస్ పక్కన ఉంటుంది, ఆ వారం వాట్సాప్‌లో ఒకటే మెసేజ్‌లు, కుళాయిలు కట్టేయకండి సన్నటి ధార వదలండి, బయట కుళాయికి పాత టవల్ చుట్టండి అని. అక్కడ చాలా ఇళ్ళలో నీళ్ళ పైపులు అటక మీద నుంచి వెళ్తాయి, చలికి కట్టిన ఇళ్ళు కావవి. పైపులో నీరు గడ్డకడితే ఉబ్బుతుంది, పైపు చీలుతుంది, చలి తగ్గి కరిగిన రోజున సీలింగ్ ఊడి హాల్లో పడుతుంది. వాళ్ళింట్లో అదే జరిగింది. పైపు మీద తొడిగే ఫోమ్ గొట్టం అక్కడ షాపుల్లో కొన్ని డాలర్లకి దొరుకుతుంది.

ఇదంతా మనకెందుకు, మనకి మంచంటే డిసెంబర్లో లంబసింగి వెళ్ళి గడ్డి మీద తెల్లటి పొర చూసి ఫొటోలు దిగడమే కదా అంటారేమో. నాకు మాత్రం హుద్‌హుద్ వారం గుర్తొస్తుంది. అక్టోబర్ 12, ఆదివారం. మా వీధిలో ఉన్న ఏడు చెట్లూ పడిపోయాయి, ఒకటి మా గోడ మీదే. మర్నాడు చెట్టు కోసేవాణ్ణి అడిగితే మామూలు రోజుల్లో అయిదొందల పనికి నాలుగు వేలన్నాడు, ఇచ్చాం, ఏం చేస్తాం. అప్పుడు అర్థమైంది, రేటు మాట్లాడుకోవాల్సింది ఆపద రాకముందు. అమెరికాలో ఊళ్ళు ఇప్పుడు ఇలాగే చేస్తున్నాయి, మంచు పడితే లోడర్లు, మనుషులు పంపాలి, గంటకి ఇంత అని ముందే కాంట్రాక్టు రాసి పెట్టుకుంటాయి, మంచు పడకపోతే పెద్దగా ఏం కట్టక్కర్లేదు. పక్క రాష్ట్రాల నుంచి బండ్లు, మనుషుల్ని అరువు తెచ్చుకోవడానికి రాష్ట్రాల మధ్య ఒప్పందమే ఉంది. మాకూ అలాగే వేరే జిల్లాల నుంచి, పక్క రాష్ట్రాల నుంచి లైన్‌మెన్లు వచ్చి స్తంభాలు ఎత్తారు. మా వీధికి కరెంటు ఎనిమిదో రోజు వచ్చింది, ఆ స్తంభం ఎక్కిన కుర్రాడికి అమ్మ కొవ్వొత్తి వెలుగులో ఉప్మా చేసి పెట్టింది. ఆ తర్వాత ప్రపంచ బ్యాంకు అప్పుతో వైజాగ్‌లో కొన్ని ప్రాంతాల్లో కరెంటు లైన్లు భూమిలోకి వెళ్ళాయి, రోజూ పనికొచ్చేదీ తుఫాన్ రోజున నిలబడేదీ అదే తీగ, ఇలాంటి ఖర్చు నాకు చాలా ఇష్టం. మన రాష్ట్ర విపత్తు నిధిలో కేంద్రం 75, రాష్ట్రం 25 వంతున వేస్తాయి, 2021 నుంచి విపత్తు డబ్బులో 20 శాతం ముందు జాగ్రత్త పనులకని విడిగా పెట్టారు. ఇది చాలదని నా అభిప్రాయం, కానీ విడిగా ఒక పద్దు ఉండడమే పెద్ద మార్పు.

ఇక అట్లాంటా సంగతి. 2025 జనవరి 10న, శుక్రవారం, అక్కడ మళ్ళీ రెండంగుళాలు పడింది. ముందురోజే స్కూళ్ళకి సెలవిచ్చేసి కొన్ని ఆన్‌లైన్‌లో పెట్టారు, ఆఫీసులు ఇంటి నుంచే పని చేసుకోమన్నాయి, రోడ్ల మీద ఉప్పునీళ్ళు చల్లి ఉంచారు. మేం ఆ సాయంత్రం పండగకి అరిసెలు వత్తుతున్నాం, చెల్లి వీడియో కాల్ చేసింది. పదహారేళ్ళ బుడ్డోడు ఇంటి ముందు మంచు పోగేసి మోకాలెత్తు బొమ్మ చేసి చూపిస్తున్నాడు, వీధిలో ఒక్క కారు కూడా కదలట్లేదు. అమ్మ పిండి చేతులతోనే ఫోన్ దగ్గరికొచ్చి వంగింది.

"ఏటే, కార్లో పెట్రోలుందా?"

"ఫుల్ ట్యాంక్ అమ్మా, నిన్న రాత్రే కొట్టించాం. డిక్కీలో దుప్పటి, నీళ్ళు, జంతికలు కూడా ఉన్నాయి."

"మరి బయటికెళ్తావా?"

"లేదమ్మా, ఎక్కడికీ వెళ్ళట్లేదు, ఇంట్లోనే ఉంటాం."

అమ్మ సరేనని తలూపి మళ్ళీ బూరెల మూకుడు దగ్గరికెళ్ళిపోయింది.