మెరుపు పోకముందే

ఎడమవైపు పై కోరపన్నుకు చిగురు అంచున గాడి పడి చాలా ఏళ్లయింది. తప్పు నాదే. గట్టి కుచ్చున్న బ్రష్షుతో, బలమంతా పెట్టి, రంపం లాగినట్టు అడ్డంగా తోమేవాడిని. శుభ్రమంటే అదేననుకున్నాను. క్రమంగా చిగురు పైకి జరిగి పంటి వేరు బయటపడింది. వేరు మీద ఎనామిల్ ఉండదు కనుక అక్కడ పుచ్చు పడితే తొందరగా లోపలికి పాకుతుంది. చల్లని నీళ్లు తగిలితే జివ్వుమనడంతో మొదలై, చివరికి ఆ గాడిలో గోధుమరంగు మచ్చ కనిపించింది.

మొదటిసారి ఒక చోట పంటి రంగులో ఉండే రెసిన్ (ఒక రకం ప్లాస్టిక్ ముద్ద) ఫిల్లింగ్ పెట్టారు. చూడటానికి ముచ్చటగా ఉండేది. ఎనిమిది నెలలకు ఒకరోజు పుక్కిలిస్తుండగా ఊడి అరచేతిలో పడింది. పెట్టేటప్పుడు చిగురు నుంచి చెమ్మ ఊరుతూనే ఉండటం నాకు గుర్తుంది. రెసిన్ పట్టాలంటే పన్ను పొడిగా ఉండాలి, చిగురు అంచున అది కష్టం.

రెండోసారి వెళ్లింది మరో డాక్టర్ దగ్గరికి. ఆవిడ అద్దం పెట్టి చూసి, “మాస్టారూ, ఇక్కడ గ్లాస్ అయనోమర్ సిమెంట్ పెడతాను” అన్నారు. అది కాస్త బలం తక్కువ రకమని అంతకుముందు ఎవరో అనగా విన్నాను. ఆ మాటే అడిగాను. “బలం తక్కువే. కానీ ఈ చోట మీరు నమలరు కదా” అన్నారు.

ముప్పై ఒక్క ఏళ్లు హైస్కూల్లో రసాయనశాస్త్రం చెప్పినవాడిని. అది ఎలా గట్టిపడుతుందో చెప్పకపోతే నోరు తెరవనన్నాను. ఆవిడ విసుక్కోకుండా చెప్పారు. తర్వాత ఇంటికొచ్చి చదువుకున్నాను కూడా.

ఇందులో ఒక పొడి, ఒక ద్రవం ఉంటాయి. పొడి నిజంగా గాజే. సిలికా, అల్యూమినా, కాల్షియం ఫ్లోరైడ్ వంటివి కొలిమిలో కరిగించి, చల్లార్చి, మెత్తగా నూరినది. కిటికీ గాజును ఇలాంటి ఆమ్లం ఏమీ చేయలేదు. ఈ గాజులో అల్యూమినియం వంతు ఎక్కువ కాబట్టి ఆమ్లం దీన్ని కొరకగలదు. ద్రవంలో ఉండేది పాలీ ఆక్రిలిక్ ఆమ్లం, అంటే పొడవైన గొలుసులాంటి అణువు. ఆ గొలుసు పొడవునా ఆమ్ల సమూహాలు వేలాడుతుంటాయి. రెండూ కలపగానే గాజు రేణువుల పైపొర కరిగి కాల్షియం, అల్యూమినియం అయాన్లు, అంటే విద్యుదావేశమున్న పరమాణువులు, బయటికొస్తాయి. అవి గొలుసుల మధ్య ముడులు వేస్తాయి. కాల్షియం మొదటి నిమిషాల్లోనే ముడి వేస్తే, అల్యూమినియం నింపాదిగా గంటల తరబడి వేస్తూ పోతుంది. ఆమ్లం, క్షారం కలిస్తే లవణం, నీరు వస్తాయని బోర్డు మీద ఎన్ని వందల సార్లు రాశానో! ఆ లవణమే ఇక్కడ సిమెంటవుతుంది.

నన్ను కదిలించింది మాత్రం దాని తర్వాతి సంగతి. పంటిలోనూ కాల్షియం ఉంది కదా. ఆ గొలుసుల్లో ఇంకా ఖాళీగా మిగిలిన సమూహాలు పంటి కాల్షియాన్ని కూడా అలాగే పట్టుకుంటాయి. మధ్యలో వేరే జిగురు అక్కర్లేదు. కొద్దిపాటి చెమ్మ ఉన్నా ఈ బంధం కుదురుతుంది. అందుకే ఆవిడ నా పంటిని కడిగాక ఎండిపోయేలా గాలి కొట్టలేదు, దూదితో అద్దారంతే.

సహాయకురాలు చిన్న పలక మీద పొడి, ద్రవం కలుపుతుంటే డాక్టర్ గారు ఆ ముద్దనే చూస్తున్నారు. “మెరుస్తోందా? మెరుపు పోకముందే ఇటివ్వండి” అన్నారు. తడితడిగా మెరుస్తోందంటే ఆమ్ల సమూహాలు ఇంకా ఖాళీగా ఉన్నాయని అర్థం. మెరుపు పోయాక పెడితే ముద్ద గాడిలో కూర్చుంటుంది గానీ పంటిని పట్టుకోదు. నా జన్మలో విన్న ప్రయోగశాల సూచనల్లో ఇంత చక్కనిది మరొకటి లేదు.

కొన్ని నిమిషాల్లో గట్టిపడింది. పైన వార్నిష్ లాంటి పూత రాశారు. మొదట్లో ఎక్కువ నీరు తగిలితే ముడులు వేయాల్సిన అయాన్లు కొట్టుకుపోతాయి, మరీ ఎండితే సిమెంట్ పగులుతుంది. ఆ రెండింటి నుంచీ కాపాడటానికే పూత. ఒక రోజంతా ఆ వైపు జాగ్రత్తగా ఉండమన్నారు.

ఈ పదార్థాన్ని తయారుచేసింది దంతవైద్యులు కాదు, రసాయన శాస్త్రజ్ఞులు. లండన్‌లోని ప్రభుత్వ రసాయన ప్రయోగశాలలో అలన్ విల్సన్, బ్రయన్ కెంట్ దీన్ని రూపొందించి 1972లో దంతవైద్యులకు పరిచయం చేశారు. పాత సిలికేట్ సిమెంట్ నుంచి గాజును, డెనిస్ స్మిత్ 1968లో తెచ్చిన మరో సిమెంట్ నుంచి ఆమ్లాన్ని తీసుకుని జత కలిపారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో దీన్ని అత్యవసర ఔషధాల జాబితాలో చేర్చింది.

ఈ సిమెంట్ ఫ్లోరైడ్‌ను కొద్దికొద్దిగా వదులుతుంది. మొదటి రోజుల్లో ఎక్కువ, తర్వాత తక్కువ. ఫ్లోరైడ్ ఉన్న పేస్టుతో తోమినప్పుడు కొంత మళ్లీ నింపుకుంటుంది కూడా. ఇది పుచ్చును ఎంతవరకు ఆపుతుందన్న దానిపై నిపుణుల్లో ఏకాభిప్రాయం లేదు. ఫ్లోరైడ్ ఉందిలే అని తోమడంలో అశ్రద్ధ చేసేవారిని చూస్తే నాకు బాధేస్తుంది.

మా మనవరాలి పాల పన్నుకు కూడా ఇదే పెట్టారు. పిల్లలు నోరు తెరిచి ఎంతసేపు ఉంటారు? త్వరగా పెట్టగలగడం, చెమ్మను ఓర్చుకోవడం అక్కడ పెద్ద మేలు. 1980ల మధ్యలో టాంజానియాలో కరెంటు, డ్రిల్లు లేకుండా చేతి పనిముట్లతోనే పుచ్చు గీకి సిమెంట్ నింపే పద్ధతి మొదలైంది. ఆ తర్వాత దానికి ప్రాణం పోసింది ఈ గ్లాస్ అయనోమరే.

ఇంత ఇష్టం పెరిగాక, కింది దవడ పన్నులో పెద్ద పుచ్చు తేలినప్పుడు అక్కడా ఇదే పెట్టమని పట్టుబట్టాను. ఆవిడ ఒప్పుకోలేదు. రెండు పళ్ల మధ్య నుంచి పైకి వచ్చిన పుచ్చు అది, నమిలే బరువంతా దాని మీదే పడుతుంది. అక్కడ ఈ సిమెంట్ అరుగుతుంది, అంచు విరుగుతుంది. రెసిన్‌నే పొరలు పొరలుగా వేసి, ఒక్కో పొరను నీలికాంతితో గట్టిపరిచారు. చాలాసేపు పట్టింది. రెసిన్ కలిపిన గ్లాస్ అయనోమర్ కూడా ఉందనీ, అది కాంతితో వెంటనే బిగుసుకుంటుందనీ, కానీ నా దవడ పన్నుకు అదీ చాలదనీ చెప్పారు. చిగురు అంచున నెగ్గింది అక్కడ నెగ్గలేదు. పదార్థం మంచిదా చెడ్డదా అని అడగడం మాని, ఏ చోటికి అని అడగడం నేర్చుకున్నది అప్పుడే.

కోరపన్ను సిమెంట్‌కు ఇప్పుడు పద్నాలుగు నెలలు. నునుపు కాస్త తగ్గింది, నాలుకతో తడిమితే తెలుస్తుంది. రంగూ పక్క పళ్లంత నిగనిగలాడదు. అంచులు మాత్రం బిగువుగా ఉన్నాయి, చల్లని నీళ్లకు జివ్వుమనడం లేదు. మెత్తని బ్రష్షుతో చిన్నచిన్న సున్నాలు చుడుతూ తోముతున్నాను. మొన్న పరీక్షకు వెళ్తే పక్క పంటిని ఆరబెట్టడానికి సహాయకురాలు గాలి గొట్టం ఎత్తింది. డాక్టర్ గారు ఆమె చెయ్యి ఆపి, “ముందు ఆ సిమెంట్ మీద కొంచెం జెల్లీ రాయండి, ఎండిపోతుంది” అన్నారు.